కిలో ఉప్పు ఎన్నాళ్లు వస్తోంది?

"ఉప్పు ఎంత తింటారు?" అని డాక్టరుగారు అడిగారు. నేను కాస్త గర్వంగానే చెప్పాను: "మామూలు ఉప్పు మానేసి రెండేళ్లయిందండీ. ఇంట్లో పింక్ సాల్టే వాడతాం."

ఆయన నా చేతికి చుట్టిన బీపీ పట్టీ విప్పుతూ తల కూడా ఎత్తలేదు. "రంగు అడగలేదండీ నేను. ఎంత అని అడిగాను."

నా దగ్గర జవాబు లేదు. బీపీ 152/96 ఉంది. రెండేళ్లుగా ఉప్పు గురించి నేను చదివినవి, చూసిన వీడియోలు, ఇతరులకు దంచిన ఉపన్యాసాలు అన్నీ కలిపితే ఓ చిన్న పుస్తకం అవుతుంది. అంత పుస్తకంలో 'ఎంత' అన్న మాట ఒక్కసారి కూడా రాలేదని ఆ కుర్చీలో కూర్చున్నప్పుడే తట్టింది.

పింక్ సాల్ట్ మా ఇంట్లోకి మా అక్క చలవ వల్ల వచ్చింది. "ఒరేయ్, ఆ తెల్లది ఉప్పు కాదురా, విషం. బట్టలకి వేసే బ్లీచింగ్ దానికి వేస్తారు. సైనైడ్ కలుపుతారు. ఉన్న ఖనిజాలన్నీ పీకేసి ఉత్త రసాయనం మన మొహాన కొడతారు" అని ఫోన్లో అరగంట క్లాసు పీకి, మర్నాడు మూడు వీడియోలు పంపింది. అక్కని తప్పు పట్టను. నమ్మడానికి హాయిగా ఉండే మాట అది. తిండి మార్చక్కర్లేదు, నోరు కట్టుకోనక్కర్లేదు, డబ్బాలో ఉప్పు మారిస్తే చాలు, ఆరోగ్యం వచ్చేస్తుంది. ఇంతకంటే తేలిక వైద్యం ఎక్కడుంటుంది?

డాక్టరు దగ్గర్నుంచి వచ్చాక, అక్క చెప్పిన మాటల్ని ఒక్కొక్కటే విప్పి చూడటం మొదలుపెట్టాను. వాటిలో కొన్ని నిజాలున్నాయి. అవెక్కడున్నాయో కూడా చెబుతాను. కానీ ముందు 'సహజం' అన్న మాట సంగతి చూడాలి, మొత్తం వాదన దాని మీదే నిలబడి ఉంది కాబట్టి.

దాదాపు ఏ ఉప్పయినా సముద్రపు ఉప్పే. కొంత ఇవాళ్టి సముద్రం నుంచి వస్తుంది, కొంత కోట్ల ఏళ్ల కిందట ఎండిపోయిన సముద్రం నుంచి వస్తుంది. లీటరు సముద్రపు నీటిలో దాదాపు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. వాటిలో మనం ఉప్పు అని పిలిచే సోడియం క్లోరైడ్ వాటా నూటికి 78 పాళ్లు. మిగతాది మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం లవణాలు. ఆ నీటిని మడుల్లో నింపి ఎండకు వదిలేస్తే అన్నీ ఒకేసారి గడ్డకట్టవు, వరస ప్రకారం దిగుతాయి. నీళ్లు సగం దాకా ఇగిరేసరికి సుద్ద దిగుతుంది. ఐదింట నాలుగు వంతులు ఇగిరాక జిప్సం దిగుతుంది. పదింట తొమ్మిది వంతులు పోయాక గానీ ఉప్పు గింజ కట్టదు. ఉప్పు దిగాక పైన చిక్కటి చేదు నీళ్లు మిగులుతాయి. మెగ్నీషియం, పొటాషియం చాలావరకు ఆ నీళ్లలోనే ఉంటాయి. ఉప్పు పండించేవాళ్లు ఆ నీళ్లను వేరుగా తీసేస్తారు. తీయకపోతే ఉప్పు చేదెక్కుతుంది, గాలిలో తేమ పీల్చుకుని ముద్దవుతుంది.

ఇది చదివినప్పుడు నాకు భలే చిత్రంగా అనిపించింది. అంటే ఉప్పులోంచి 'ఖనిజాలు పీకేసే' పని ఫ్యాక్టరీ పుట్టకముందే ఎండ, ఓపిక, ఓ మనిషి చెయ్యి కలిసి చేసేశాయన్నమాట. మనం సహజం అనుకునే కల్లుప్పు కూడా ఒక రకంగా శుద్ధి చేసిన ఉప్పే. రకాన్ని బట్టి నూటికి 95 నుంచి 98 పాళ్ల దాకా సోడియం క్లోరైడే ఉంటుంది. ఫ్యాక్టరీలో జరిగేది ఆ పని మీద ఇంకో విడత. ఉప్పును మళ్లీ నీళ్లలో కరిగించి, సోడా యాష్, కాస్టిక్ సోడా వేస్తే మిగిలిన కాల్షియం, మెగ్నీషియం అడుగుకు దిగుతాయి. వడకట్టి, గాలి తీసేసిన పాత్రల్లో మరిగించి మళ్లీ గింజ కట్టిస్తారు. శుద్ధి 99 శాతం దాటుతుంది. తేడా అంతా ఆ చివరి రెండు మూడు పాళ్లలోనే ఉంది.

హిమాలయన్ పింక్ సాల్ట్ అని అమ్మేదాంట్లో ఎక్కువ భాగం పాకిస్తాన్ పంజాబ్‌లోని ఖేవ్‌డా గనుల నుంచి వస్తుంది. ఆ కొండలు హిమాలయాలు కావు. వాటికి దక్షిణంగా ఉన్న వేరే వరుస, పేరే ఉప్పు కొండలు. అక్కడ ఎండిన సముద్రం వయసు యాభై కోట్ల ఏళ్లకు పైమాటే. గులాబీ రంగు ఐరన్ ఆక్సైడ్‌ది, అంటే మన వాడుక మాటలో తుప్పుది. అందులోనూ సోడియం క్లోరైడ్ నూటికి 97, 98 పాళ్లు ఉంటుంది. అందంగా ఉంటుంది, కాదనను. గాజు సీసాలో పోసి బల్ల మీద పెడితే వచ్చినవాళ్లు అడిగి తెలుసుకునేవారు. నేనూ సంతోషంగా చెప్పేవాణ్ణి.

ఇక ఆ రెండు పాళ్లలో ఉన్నాయనే 84 ఖనిజాలు. ప్రచారంలో తిరిగే ఆ జాబితాను ఒకసారి పూర్తిగా చదవండి. క్యాల్షియం, ఐరన్‌తో మొదలై సీసం, ఆర్సెనిక్, యురేనియం దాకా ఉంటాయి. చాలావాటి పక్కన 'ఇంతకంటే తక్కువ' అన్న గుర్తు ఉంటుంది. అంటే పరికరానికి అందలేదని అర్థం. దొరకనివాటిని కూడా లెక్కలో కలిపి 84 అన్నారు. నిజంగా ఉన్నవాటి సంగతి చూద్దాం. రోజుకు 5 గ్రాముల పింక్ సాల్ట్ తింటే వచ్చే మెగ్నీషియం కొన్ని మిల్లీగ్రాములు, మహా అయితే పది పదిహేను. పెద్దవాళ్లకు రోజుకు కావలసింది 300 నుంచి 400 మిల్లీగ్రాములు. గుప్పెడు బాదంపప్పులో 75కు తక్కువ ఉండదు. ఉప్పుతో మెగ్నీషియం లోటు తీర్చుకోవాలనుకోవడం చెమ్చాతో చెరువు నింపడం లాంటిది, పైగా ఆ చెమ్చాలో వచ్చేది చాలావరకు సోడియం.

2020లో ఆస్ట్రేలియాలో పరిశోధకులు అక్కడ అమ్మే 31 రకాల పింక్ సాల్ట్ నమూనాలను పరీక్షించారు. తెల్ల ఉప్పు కన్నా వీటిలో ఖనిజాలు ఎక్కువేనని తేలింది. ఇక్కడ అక్క మాట నిజమే. కానీ ఒంటికి చెప్పుకోదగ్గ లాభం ఉండాలంటే రోజుకు 30 గ్రాములు, అంటే ఐదారు చెంచాలు తినాలి. ఒక నమూనాలో సీసం అక్కడి పరిమితిని మించి ఉంది. ప్రకృతి మంచివీ చెడ్డవీ వేరు చేసి ఇవ్వదు మరి.

తెల్ల ఉప్పు మీద ఉన్న కేసులు చూద్దాం. మొదటిది బ్లీచింగ్. ఉప్పు స్ఫటికానికి అసలు రంగే లేదు, గాజులాగా పారదర్శకంగా ఉంటుంది. గాజును దంచితే తెల్లటి పొడి ఎందుకవుతుందో ఉప్పు పొడి కూడా అందుకే తెల్లగా కనిపిస్తుంది, సన్నటి గింజల మీద వెలుతురు చెదరడం వల్ల. మట్టీ తుప్పూ పోతే మిగిలేది ఆ తెలుపే. దానికి బ్లీచింగ్ అవసరమే లేదు.

రెండోది సైనైడ్. ఇది విన్నప్పుడు నాకు నిజంగానే టెన్షన్ పట్టుకుంది. ఎందుకంటే ఇందులో ఓ చిన్న నిజం ఉంది. ఉప్పు గడ్డకట్టకుండా కొన్ని రకాల్లో పొటాషియం ఫెర్రోసైనైడ్ కలుపుతారు. పేరులో సైనైడ్ ఉంది, ఒప్పుకుంటాను. కానీ ఆ సైనైడ్ ఇనుముతో గట్టిగా ముడిపడి ఉంటుంది. మన కడుపులో ఆ ముడి విప్పేంత బలం లేదు. యూరప్‌లో కిలో ఉప్పుకు 20 మిల్లీగ్రాములు మించకూడదని నియమం. ఆ పరిమితి నిండా కలిపారనుకున్నా 5 గ్రాముల ఉప్పులో మిల్లీగ్రాములో పదో వంతు వస్తుంది. అక్కడి ఆహార భద్రతా సంస్థ 2018లో మళ్లీ పరిశీలించి, 60 కిలోల మనిషికి రోజూ 1.8 మిల్లీగ్రాముల దాకా భయం లేదని లెక్క కట్టింది. అంటే పద్దెనిమిది రెట్లు తేడా. పేరు చూసి భయపడేట్టయితే సోడియం నీళ్లు తగిలితే భగ్గుమనే లోహం, క్లోరిన్ యుద్ధంలో వాడిన విషవాయువు. ఆ రెండూ కలిస్తేనే ఉప్పు, సహజమైనదైనా సరే.

గడ్డకట్టకుండా కలిపేవాటిలో బాగా పాతది మెగ్నీషియం కార్బొనేట్. అమెరికాలో మోర్టన్ కంపెనీ 1911లో దాన్ని కలపడం మొదలుపెట్టి, వాన రోజున కూడా జారే ఉప్పు అని ప్రచారం చేసుకుంది. మెగ్నీషియం కోసం పింక్ సాల్ట్ కొనుక్కునేవాళ్లు మెగ్నీషియం కలిపిన ఉప్పును 'కెమికల్' అని పక్కన పెడుతున్నాం!

అక్క వాదనకు కలిసొచ్చేవి, నేను పూర్తిగా ఒప్పుకునేవి రెండున్నాయి. ఒకటి, అంత శుద్ధి మన వంట కోసం మొదలైంది కాదు. ప్రపంచంలో తయారయ్యే ఉప్పులో మనం తినేది చిన్న వాటా. ఎక్కువ భాగం రసాయన పరిశ్రమలకూ, చలి దేశాల్లో రోడ్ల మీద మంచు కరిగించడానికీ పోతుంది. ఫ్యాక్టరీల అవసరమే శుద్ధిని అంత దూరం తీసుకెళ్లింది. రెండు, రుచి. కల్లుప్పుకూ సన్న ఉప్పుకూ నాలుక మీద తేడా ఉంది. పెద్ద గింజ మెల్లగా కరుగుతుంది, మెగ్నీషియం కొంచెం చేదు తగిలిస్తుంది. కోసిన పండు ముక్క మీద నాలుగు గింజలు చల్లుకుని తింటే ఆ తేడా తెలుస్తుంది. కూరలో వేసి మరిగించాక మాత్రం ఏ ఉప్పు వేశారో నేనైతే కనిపెట్టలేను. మా ఆవిడ రెండుసార్లు పరీక్ష పెట్టింది, రెండుసార్లూ ఓడిపోయాను.

శుద్ధి చేసిన ఉప్పు విషమే అయితే ఆస్పత్రిలో నరానికి ఎక్కించే సెలైన్ ఏమిటి? లీటరు నీళ్లలో 9 గ్రాముల సోడియం క్లోరైడ్, దొరికినంతలో అతి శుద్ధమైనది. మంచం మీద పడుకుని 'నాకు పింక్ సెలైన్ పెట్టండి' అన్నవాళ్లు నాకింకా తగల్లేదు.

ఒంట్లోకి వెళ్లాక ఉప్పుకు ఊరూ పేరూ ఉండవు. నీళ్లలో కరగ్గానే సోడియం ఒకవైపు, క్లోరైడ్ ఒకవైపు విడిపోతాయి. గనిలోంచి వచ్చిన సోడియం, మడిలోంచి వచ్చిన సోడియం, ఫ్యాక్టరీలోంచి వచ్చిన సోడియం మూత్రపిండాలకు ఒకటే. రక్తంలో సోడియం పాలు కొంచెం పెరగ్గానే దాహం వేస్తుంది, మూత్రపిండాలు నీళ్లను పట్టి ఉంచుతాయి. ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగక తప్పదు అన్న సామెతను నేను ఎప్పుడూ తప్పు చేసినవాడి గురించే విన్నాను. బీపీ గురించి కూడా అంతే చక్కగా అతుకుతుంది. తాగిన నీళ్లు రక్తంలో చేరి పరిమాణం పెంచుతాయి, అదే గొట్టంలో ఎక్కువ నీళ్లు పారితే గోడల మీద ఒత్తిడి పెరుగుతుంది. ఆ అదనపు ఉప్పును బయటికి పంపే శక్తి అందరి మూత్రపిండాలకూ ఒక్కలా ఉండదు. అందుకే ఒకరు ఎంత తిన్నా బీపీ కదలదు, ఇంకొకరికి చిటికెడు ఎక్కువైనా ఎక్కుతుంది. వయసుతో ఈ రెండో గుంపు పెరుగుతుంది. నేను అందులో చేరానని ఆ రోజు తెలిసింది.

1988లో వచ్చిన ఇంటర్‌సాల్ట్ అధ్యయనంలో 32 దేశాల్లోని 52 చోట్ల పదివేల మందికి పైగా పరీక్షించారు. ఉప్పు దాదాపు తినని నాలుగు సమూహాల్లో బీపీ తక్కువగా ఉంది, వయసుతో పెరగడం కూడా నామమాత్రమే. ఆ నాలుగు సమూహాల జీవితమే వేరు, వాళ్లతో పోల్చడం ఏమిటని విమర్శలు వచ్చాయి, అందులో న్యాయముంది. అందుకే నాకు 2001లో వచ్చిన డ్యాష్-సోడియం పరీక్ష ఎక్కువ నచ్చుతుంది. అందులో మనుషుల తిండిని తామే వండి పెట్టి, ఉప్పును మూడు స్థాయిల్లో మార్చి చూశారు. ఉప్పు తగ్గే కొద్దీ బీపీ తగ్గింది. ఇలాంటి పరీక్షల్లో తేల్చుకునేది మూత్రంలో పోయిన సోడియం కొలిచి. ఏ రంగు ఉప్పు అని అడగరు, అడిగినా మూత్రం చెప్పలేదు.

పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది, అంటే 2 గ్రాముల సోడియం. అదే సంస్థ లెక్కలో ప్రపంచ సగటు 10.8 గ్రాములు. రెట్టింపు కన్నా ఎక్కువ. 'పింక్ సాల్ట్‌లో సోడియం తక్కువ' అనే మాటను ఈ లెక్క పక్కన పెట్టి చూడండి. 5 గ్రాముల శుద్ధ ఉప్పులో సోడియం 1.97 గ్రాములు, నూటికి 97.5 పాళ్ల శుద్ధి ఉన్న పింక్ సాల్ట్‌లో 1.92 గ్రాములు. గ్రాములో ఇరవయ్యో వంతు తేడా. ఒక్క చిటికె ఎక్కువ చల్లితే ఆ లాభం పోతుంది.

చెంచాతో కొలిస్తే మాత్రం తేడా కనిపిస్తుంది, ఇక్కడే చాలామంది మోసపోతారు. సన్న ఉప్పు ఒక టీ స్పూను దాదాపు 6 గ్రాములు తూగుతుంది. పలుచటి పొరల్లా ఉండే ఉప్పు అదే స్పూనులో సగమే పడుతుంది, గింజల మధ్య గాలి ఉంటుంది కాబట్టి. రుచి చూడకుండా కొలత ప్రకారం వండేవాళ్లకు దీనివల్ల నిజంగానే ఉప్పు తగ్గుతుంది. కానీ మనలో అలా వండేది ఎందరు? నాలుక సరిపోయిందనే దాకా వేస్తూనే పోతాం. మా ఇంట్లో అయితే ఇంకోటి కూడా జరిగింది. పింక్ సాల్ట్ వచ్చాక ఉప్పు మీద భయం పోయింది. బల్ల మీద చేతిమిల్లు వచ్చి కూర్చుంది. కీరా ముక్కల మీద తిప్పాం, గుడ్డు మీద తిప్పాం, ఆఖరికి ఉదయం గోరువెచ్చటి నీళ్లలో కూడా అర చెంచా కలుపుకుని తాగాం, 'ఖనిజాల నీళ్లు' అని. అర చెంచా అంటే 3 గ్రాములు. రోజు మొత్తానికి చాలిన ఉప్పులో సగం పైన, పళ్లు తోముకున్న పది నిమిషాల్లోనే.

రెండు ఉప్పుల మధ్య అసలైన తేడా ఒకటుంది. అది మెగ్నీషియం కాదు, అయోడిన్. దీని గురించి అక్క వీడియోల్లో ఎవరూ మాట్లాడలేదు, మాట్లాడినవాళ్లు కూడా అదో 'కలిపిన కెమికల్' అన్నట్టే చెప్పారు.

అయోడిన్ లేకపోతే మెడ దగ్గరున్న థైరాయిడ్ గ్రంథి పని చేయలేక ఉబ్బుతుంది, అదే గాయిటర్. మెడ ఉబ్బు పైకి కనిపించేది. కనిపించనిది ఇంకా ఘోరం. గర్భిణికి అయోడిన్ చాలకపోతే కడుపులో బిడ్డ మెదడు సరిగా ఎదగదు. సముద్రానికి దూరంగా, కొండల్లో, వానలకూ మంచుకూ నేలలోని అయోడిన్ కొట్టుకుపోయిన చోట్ల తరతరాలుగా ఇది జరిగింది. అక్కడివాళ్లు సహజమైన గాలి పీల్చారు, సహజమైన నీళ్లు తాగారు, సహజమైన ఉప్పే తిన్నారు. 'మా తాతముత్తాతలు ఏ అయోడిన్ తిన్నారు' అని అడిగేవాళ్లకు ఆల్ప్స్ పల్లెల్లోని తాతముత్తాతలే జవాబు. 1918 ప్రాంతంలో స్విట్జర్లాండ్‌లో ఒట్టో బేయార్డ్ అనే డాక్టరు ఉప్పులో కొంచెం అయోడైడ్ పారతో కలిపి పల్లె కుటుంబాలకు ఇచ్చి చూశాడు. గాయిటర్లు తగ్గాయి. అదే కాలంలో అమెరికాలో డేవిడ్ మెరైన్ ఆక్రన్ పట్టణంలో బడిపిల్లలతో పరీక్ష చేశాడు. అయోడైడ్ తీసుకున్న 2,190 మందిలో ఐదుగురికి గాయిటర్ వచ్చింది, తీసుకోని 2,305 మందిలో 495 మందికి వచ్చింది. ఈ అంకెలు చూశాక ఎవరైనా ఇంకేం ఆలోచిస్తారు? 1922లో స్విట్జర్లాండ్, 1924లో అమెరికాలోని మిషిగన్ అయోడిన్ ఉప్పు మొదలుపెట్టాయి.

సముద్రపు ఉప్పులో సహజంగానే అయోడిన్ ఉంటుంది కదా అని నేనూ అనుకున్నాను. లీటరు సముద్రపు నీటిలో అయోడిన్ 60 మైక్రోగ్రాములు దాటదు. ఆ లీటరు నుంచి వచ్చే 35 గ్రాముల లవణాల్లో అయోడిన్ అంతా నిలిచిందనుకున్నా, మనం తినే 5 గ్రాముల్లోకి 9 మైక్రోగ్రాములు కూడా రాదు. నిజానికి అంత కూడా నిలవదు. పెద్దవాళ్లకు రోజుకు 150, గర్భిణులకు 250 మైక్రోగ్రాములు కావాలి. సముద్రంలో అయోడిన్ దాచుకునేది నాచూ, చేపలూ. 1811లో అయోడిన్‌ను మొదట కనుక్కున్నది కూడా సముద్రపు నాచు బూడిదలోనే. గనిలోంచి తవ్విన సైంధవ లవణం సంగతీ ఇంతే. అదే అయోడిన్ కలిపిన ఉప్పు కిలోలో 20 నుంచి 40 మిల్లీగ్రాములు ఉంటే, 5 గ్రాములతో 100 నుంచి 200 మైక్రోగ్రాములు అందుతుంది. ఉప్పు తగ్గించినా అయోడిన్ తగ్గకుండా కలిపే పాలు పెంచుకునే వీలు కూడా ఉంది.

దీనికి ఎదురు మాట ఉంది, దాచను. చాలాకాలం అయోడిన్ కొరత ఉన్నచోట ఒక్కసారిగా ఎక్కువ అందితే, కొందరిలో, ముఖ్యంగా పెద్ద వయసువాళ్లలో, థైరాయిడ్ అతిగా పని చేయడం మొదలవుతుంది. మోతాదు మించితే ఇతర థైరాయిడ్ జబ్బులూ కనిపిస్తాయి. చేపలు, పాలు, గుడ్లు బాగా తినేవాళ్లకు ఉప్పులో అయోడిన్ లేకపోయినా కొంప మునగదు. పాలు, గుడ్లు, చేపలు ఏవీ ముట్టనివాళ్లు మాత్రం అయోడిన్ లేని ఉప్పుకు మారేముందు ఆగాలి. గర్భిణులైతే మరీను. మనకు ఈ భయం తెలియదు, ఎందుకంటే ఉబ్బిన మెడలు మనం చూడలేదు. ఆ మెడలు కనబడకుండా చేసిన ఉప్పునే ఇవాళ అనుమానిస్తున్నాం.

ఒక చిన్న సంగతి. అయోడిన్ తేమకూ వేడికీ వెలుతురుకూ కొంత పోతుంది. పొయ్యి పక్కన మూత లేని గిన్నెలో పెట్టుకుంటే ప్యాకెట్ మీద ఉన్నంతా మనకు అందదు.

ఇంకో ఉప్పు కథ నన్ను బాగా ఆశ్చర్యపరిచింది. చైనాలో 600 గ్రామాల్లో దాదాపు 21 వేల మందితో ఐదేళ్ల పాటు ఒక పరీక్ష చేసి 2021లో ఫలితాలు ప్రకటించారు. అందరూ పక్షవాతం వచ్చినవాళ్లో, అరవై దాటి బీపీ ఉన్నవాళ్లో. సగం గ్రామాల్లో మామూలు ఉప్పే వాడారు. మిగతా సగంలో మూడు పాళ్లు ఉప్పు, ఒక పాలు పొటాషియం క్లోరైడ్ కలిపినది ఇచ్చారు. కలిపిన ఉప్పు తిన్నవాళ్లలో పక్షవాతం 14 శాతం, మరణాలు 12 శాతం తగ్గాయి. ఒక ఉప్పు మరో ఉప్పు కన్నా మేలని ఇంత పెద్ద ఎత్తున తేల్చిన పరీక్ష నాకు తెలిసి ఇదే. ఆ గెలిచిన ఉప్పు కొండల్లోంచి వచ్చింది కాదు, మడుల్లోంచి వచ్చింది కాదు. కొలిచి కలిపిన ఫ్యాక్టరీ సరుకు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2025లో, ఇంట్లో మామూలు ఉప్పు బదులు ఇలాంటిది వాడటం మంచిదని సూచించింది. అయితే ఇది అందరికీ కాదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లకు పొటాషియం సరిగా బయటికి పోదు, రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. బీపీ మాత్రల్లోనే కొన్ని పొటాషియాన్ని పట్టి ఉంచుతాయి. నేను వాడేది అలాంటి మాత్రే. అందుకే ఆ ఉప్పు వద్దని డాక్టరుగారు అన్నారు, ఆ ఆలోచన మానేశాను.

ప్లాస్టిక్ మాట కూడా ఒకటి అనేసి వదిలేస్తాను. 2018లో వచ్చిన అధ్యయనంలో వివిధ దేశాల ఉప్పు 39 రకాలు చూస్తే 36లో ప్లాస్టిక్ నలుసులు దొరికాయి. ఎక్కువ దొరికింది సముద్రపు ఉప్పులో, తక్కువ దొరికింది రాతి ఉప్పులో. ఈ ఒక్క పోటీలో గనుల ఉప్పుకు మార్కులు ఇవ్వాల్సిందే.

ఇన్ని చదివాక నేను చేసిన పని ఒక్కటే. ఆన్‌లైన్‌లో పాత ఆర్డర్ల తేదీలు తీసి చూశాను. మా ఇంట్లో ముగ్గురం. కిలో పింక్ సాల్ట్ సగటున 28 రోజులు వచ్చింది. వెయ్యి గ్రాములను 28తో, మళ్లీ మూడుతో భాగిస్తే మనిషికి రోజుకు దాదాపు 12 గ్రాములు. బయట కొని తిన్న బిస్కెట్లు, చిప్స్, బ్రెడ్డు, సాస్ లెక్కలో లేవు. రోజుకు 5 గ్రాములే తింటే అదే కిలో 66 రోజులు రావాలి. లెక్క కాగితం చూసి మా ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత లేచి చేతిమిల్లు బల్ల మీంచి తీసి పై అరలో పెట్టింది.

మా అక్కకు ఫోన్ చేసి చెప్పాను. "అయితే ఆ తెల్ల విషమే మళ్లీ మొదలుపెట్టావా?" అంది.

"అయోడిన్ ఉన్నది తెచ్చానక్కా. నువ్వొక పని చెయ్యి, మీ ఇంట్లో కిలో ఎన్నాళ్లు వస్తోందో చూసి చెప్పు."

"అదెవరు చూశార్రా?"

"నేనూ చూడలేదు, అందుకే."

పది రోజుల తర్వాత తనే ఫోన్ చేసింది. రంగు మాత్రం మార్చనంది, ఇద్దరికీ నెలకు ముప్పావు కిలో అయిపోతోందని గొణిగింది. మార్చవద్దనే అన్నాను. వాళ్లు చేపలు బాగా తింటారు, ఇద్దరూ యాభై దాటినవాళ్లు. సగం తగ్గిస్తే ఏ రంగయినా ఫరవాలేదు.

మా డబ్బా మీద ఇప్పుడు ప్యాకెట్ విప్పిన తేదీ పెన్నుతో రాసి ఉంటుంది. మొదటి రెండు వారాలు అన్నీ చప్పగా అనిపించాయి, మా అబ్బాయి రోజూ సణిగాడు. తర్వాత ఎప్పుడో సణుగుడు ఆగింది, ఏ రోజున ఆగిందో ఎవరం గమనించలేదు. ఇవాళ 41వ రోజు. మూత తీసి చూస్తే అడుగున ఇంకా రెండు వేళ్ల ఎత్తున ఉప్పు ఉంది.